ఒక్క వాక్యానికి దిగిన వివరణ

అనంతపురం, 2006 జూలై, బుధవారం

నేను కట్టిన తెలుగు ఫాంటు ప్యాకేజీని, కంప్యూటర్లను ఉచితంగా నడిపించే లినక్స్ వాళ్లు తీసుకున్నారు. ఇక ఎవరు లినక్స్ వేసుకున్నా మన అక్షరాలు ఉచితంగా దిగుతాయి. ఛాతీ ఉబ్బుతాంది, దాచుకోను.

అంతకుముందు రెండుసార్లు తిప్పి పంపినారు. ఫాంటులో తప్పు లేదంట, దానికి నేను రాసిన వివరణే తప్పంట! "ఇది ఏం చేస్తుందో చెప్పండి, ఉపన్యాసం వద్దు" అని లినక్స్ తరఫున ప్యాకేజీలు పరిశీలించే జర్మనీ ఆయన జవాబు. భాషను అమ్ముకునే కంపెనీలను తిట్టకుండా వివరణ ఎట్లా రాసేది? వాదించినాను. వాదిస్తానే ఉన్నాను.

చివరికి శింగనమల బడిలో కంప్యూటర్లు నేర్పే ఓబులేసు ఫోన్ చేసినాడు. "ఏమన్నా, నీ కొట్లాట తెగేదాకా నేను నీ ఫాంటు సీడీ పట్టుకోని బడిబడికీ తిరగాల్నా? ఈడ పిల్లోళ్లకు అక్షరాలకు బదులు డబ్బాలు కనపడతాండాయి."

వివరణంతా కొట్టేసినాను. "తెలుగు చదవడానికి, రాయడానికి అక్షరాలు." అంతే మిగిలింది.

సరోజ అది చూసి, "మన కాపురంలో నువ్వు ఒక్క మాటతో ఆపింది ఇదే మొదలు" అని నవ్వింది.

లొంగిపోయినానా? ఆ అనుమానం ఇంకా ఉండాది. కొట్టేసిన పేరాలు ఏదో ఒక పత్రికకు పంపుతా, వదిలేది లేదు. కానీ ఈ మధ్యాహ్నం ఓబులేసు ఫోన్ చేసి, ఒక పాపతో తెర మీది తెలుగు పాఠం చదివించినాడు. అయిపోయేదాకా నేను అడ్డం మాట్లాడలేదు.