కాగితంలో లేని కుడివైపు

మార్చి 4, మంగళవారం

క్లినిక్‌లో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలకు ఈరోజు పాఠం చెప్పాను. మసాజ్ థెరపీలో అన్నిటికన్నా కష్టమైన పాఠం. ఛాతీ, తొడ లోపలివైపు, పిరుదులు. ఈ చోట్ల చెయ్యి వేయాలంటే ముందు కారణం చెప్పాలి, కాగితం మీద సంతకం తీసుకోవాలి. పోయిన వారం సంతకం ఈ వారానికి చెల్లదు. ఎడమవైపుకు పెట్టింది కుడివైపుకు చెల్లదు. పని మధ్యలో ఇంకో చోట చేయాల్సివస్తే పేషెంటు లేచి, బట్టలు వేసుకుని, కుర్చీలో కూర్చుని, అప్పుడు కొత్త కాగితం మీద సంతకం పెట్టాలి.

ఒకమ్మాయికి నవ్వొచ్చింది. ఎందుకు మేడమ్ అంత తతంగం, పడుకునే సరే అంటే పోదా అంది. పడుకున్న మనిషి దేనికైనా సరే అంటుంది తల్లీ, బట్టలు వేసుకున్న మనిషి చెప్పేదే మాట అన్నాను. భలే చెప్పానని నాకే అనిపించింది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన లేడీస్ టైలరు. బ్లౌజు కొలతకి నేను టేపు పెడితే ఎవ్వరూ సంతకాలు పెట్టట్లేదే అని వేళాకోళం. అందుకే మీకు చీవాట్లు, నాకు లైసెన్సు అన్నాను. పదకొండేళ్ల కిందట ఈ పనిలో చేరినప్పుడు మా అత్తగారు చుట్టాలతో నన్ను నర్సని చెప్పుకునేది. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబుతోంది. ఆ లైసెన్సు పుణ్యమే.

మార్చి 11, మంగళవారం

లెక్కల టీచరుగారు వచ్చారు. రిటైరై నాలుగేళ్లు. క్యాన్సరొచ్చి ఎడమ రొమ్ము తీసేసి పది నెలలు. కుట్టు చుట్టూ చర్మం గట్టిపడి చెయ్యి పైకి లేవదు. అందుకే ప్రతి మంగళవారం నా దగ్గరికి వస్తారు. నా శరీరంలో తీసివేతలు అయిపోయాయమ్మాయ్, ఇక కూడికలే అంటూ ఉంటారు. డాక్టరు చీటీ ఎడమవైపుకే రాశారు. సంతకమూ ఎడమవైపుకే.

బ్లౌజు విప్పుకోవడానికి ఆవిడకి పది నిమిషాలు పడుతుంది. తలుపు బయట నిలబడితే పళ్లు బిగబట్టి తీసే ఊపిరి వినిపిస్తుంది. సాయం చేస్తానంటే ఒప్పుకోరు. నేనేమైనా చంటిపిల్లనా అని కసురుతారు.

సగం పని అయ్యాక, అమ్మాయ్, కుడి చంక కింద కూడా కాస్త చూడవా, ఎప్పుడూ అటే పడుకుంటాను కదా, పట్టేసినట్టుంది అన్నారు. రూలు ప్రకారం లేపాలి. ఆ బ్లౌజు మళ్లీ తొడుక్కోవాలి, సంతకం పెట్టాలి, మళ్లీ విప్పుకోవాలి. ఒక్క గీత కోసం ఇరవై నిమిషాల నరకం. నాకు మనసొప్పలేదు. దుప్పటి కొంచెం పక్కకు జరిపి చెయ్యి వేశాను.

బఠాణీ గింజంత ఉంది. గట్టిగా ఉంది. వేలి కింద కదల్లేదు.

ఏమైనా తగులుతోందా అని అడిగారు. ఏం లేదండీ, కండ పట్టేసింది అన్నాను.

అలా ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. తగిలిందంటే రిజిస్టరులో రాయాలి, డాక్టరుకి ఉత్తరం పంపాలి. అప్పుడు, కుడివైపుకి నీ చెయ్యి ఎలా వెళ్లింది, కాగితం ఏదీ అని అడుగుతారు.

హమ్మయ్య అన్నారు టీచరుగారు. వెళ్తూ వెళ్తూ నా బుగ్గ గిల్లారు.

మార్చి 12, ఉదయం 6

అది ఏ గడ్డో తేల్చడం నా పని కాదు. అది రూలు. తగిలింది తగిలినట్టు రాయడం నా పని. అదీ రూలే. మొదటిదాని చాటున నక్కి రెండోదాన్ని చూడనట్టు నటిస్తున్నాను. ఇలాంటివి నెలకొకటి తగులుతాయి. కొవ్వు గడ్డలు. చాలావరకు ఏమీ కావు.

మార్చి 15

చాలావరకు.

మార్చి 18, మంగళవారం

టీచరుగారు వచ్చారు. హుషారుగా ఉన్నారు. కుడివైపు కూడా ఒకసారి డాక్టరుకి చూపించుకోండి అన్నాను, ఏదో మాటవరసకి అన్నట్టు. రెండు నెలల్లో చెకప్ ఉందిగా, అప్పుడు చూద్దాంలే, అయినా నువ్వే ఏం లేదన్నావుగా అన్నారు. అవునండీ అన్నాను.

అవునండీ అన్నాను! నా నాలుక తెగ్గొయ్య.

మార్చి 25, మంగళవారం

క్లినిక్ నడిపే మేడమ్ రిజిస్టర్లు తనిఖీ చేసింది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటూ కూర్చున్నాను. నా రిజిస్టరు తిరగేసి అందరి ముందూ ఎత్తి చూపించింది. ఒక్క సంతకం తప్పిపోలేదు, చూసి నేర్చుకోండి అంది. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. టాయిలెట్‌లోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చాను.

ఏప్రిల్ 1, మంగళవారం

టీచరుగారు రాలేదు. ఇప్పుడు కుడి చెయ్యి కూడా బరువుగా ఉందట. ఫోన్ చేసి చెప్పారు.

ఏప్రిల్ 3, గురువారం

మా ఆయనకి చెప్పేశాను. మిషన్ ఆపేసి విన్నారు. ఈసారి వేళాకోళం లేదు. నేను గుడ్డ పాడుచేస్తే కొత్త గుడ్డ కొనిస్తాను, నువ్వేం కొనిస్తావే అన్నారు. మళ్లీ మిషన్ తొక్కలేదు.

తిన్నగా క్లినిక్‌కి వెళ్లి మేడమ్‌కి చెప్పాను. డాక్టరుకి ఉత్తరం రాశాను: తేదీ, చోటు, సైజు, కాగితం లేకుండా చేసిన సంగతి, అన్నీ. తర్వాత టీచరుగారికి ఫోన్ చేశాను. ఆరోజు తగిలిందండీ, లేదని అబద్ధం చెప్పాను అన్నాను. సరేనమ్మా అని పెట్టేశారు.

ఇరవై మూడు రోజులు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఏప్రిల్ 9

అదే. కుడివైపుకీ, లివర్‌కీ పాకింది.

మే 16, శుక్రవారం

లైసెన్సు కమిటీ. పొడుగాటి బల్ల, ఐదుగురు మనుషులు, నీళ్ల సీసాలు. టీచరుగారు కూతురి భుజం పట్టుకుని వచ్చారు. రమ్మని ఎవరూ అడగలేదు. నేనే అడిగి చేయించుకున్నాను, ఈ పిల్ల తప్పేం లేదు అని చెప్పారు. ఛైర్మన్ పెద్దావిడ మెత్తగానే అడిగింది, అడిగినప్పుడు మీరు పడుకుని ఉన్నారా కూర్చుని ఉన్నారా అని. టీచరుగారికి అబద్ధం చేతకాదు. పడుకునే ఉన్నాను అన్నారు.

తర్వాత, నేను చెబుతుంటే అమ్మాయిలు రాసుకున్న పాఠం కాపీ తీశారు. నాకు రూలు తెలుసనడానికి మేడమ్ ఇచ్చిందట. నా మాటలే నాకు చదివి వినిపించారు. తల ఎత్తలేకపోయాను. కంచే చేను మేసినట్టయింది.

ఇరవై మూడు రోజుల ముందు తెలిసుంటే తేడా ఉండేదా అని డాక్టరుని అడిగారు. బహుశా ఉండేది కాదు అన్నాడు. నాకు ఊరట కలగాలి. కలగలేదు. ఎవరైనా నన్ను గట్టిగా తిడితే బాగుండునని కూర్చున్నాను. ఎవరూ తిట్టలేదు. ఆరు నెలలు సస్పెన్షన్.

ఆగస్టు 20, బుధవారం

టీచరుగారి ఇంటికి వెళ్లాను. మంచంలో ఇంతే ఉన్నారు. భుజం లాగేస్తోందే, కాస్త చెయ్యి వెయ్యవా అన్నారు. లైసెన్సు లేదండీ అన్నాను. ఇప్పుడు పాటిస్తున్నావా రూల్సు అని నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది. పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. సాయంత్రం దాకా వదల్లేదు.

నవంబరు 6

పొద్దున పోయారు.

నవంబరు 17, సోమవారం

సస్పెన్షన్ నిన్నటితో అయిపోయింది. మేడమ్ ఫోన్ చేసింది. ఎత్తలేదు.

డిసెంబరు 2, మంగళవారం

టీచరుగారి కూతురు ఇంటికొచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను, తలుపు తీసి పక్కకి జరిగి నిలబడ్డాను. మంచినీళ్లు ఇస్తే గ్లాసు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అమ్మ పుస్తకాలు సర్దుతుంటే కేలండరు దొరికిందక్కా అంది. ఫిబ్రవరి ఇరవై ఆరున రాసుకుందట: కుడివైపు గడ్డ. కుడివైపు చూడమని మిమ్మల్ని అడగడానికి పదమూడు రోజుల ముందు. ఎవ్వరికీ చెప్పలేదట. డాక్టరు దగ్గరికి వెళ్లే ధైర్యం లేక, ముందు మీ చేత చూపించుకుందామనుకుందేమో అంది. పదకొండో తేదీ దగ్గర, ఏం లేదంది అని రాసి ఉందట.

అంటే కండ పట్టేయడం కాదు. అటు పడుకోవడం కాదు. ఆవిడ నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. దానికి నేను చెప్పింది ఒకే ఒక్క జవాబు. కాగితం తీసి, లేపి, కుర్చీలో కూర్చోబెట్టి, ఎందుకండీ కుడివైపు అని అడిగి ఉంటే, బట్టలు వేసుకున్న మనిషి నాకు నిజం చెప్పి ఉండేది.

ఆరోజు అమ్మ ఇంటికొచ్చి కడుపునిండా తిందక్కా, మనవడికి ఎక్కాలు చెప్పింది, ఎన్నాళ్లకో హాయిగా పడుకుంది అంది. అలా అంటూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగి అడిగింది. ఏం లేదని మీరు చెప్పినప్పుడు అమ్మ నిజంగా నమ్మిందా అక్కా, లేక నమ్మినట్టు ఊరుకుందా అని.

నమ్మింది అన్నాను.

డిసెంబరు 3, ఉదయం 5

ఆరోజు గడ్డ మీద నా చెయ్యి ఆగింది. ఎంతసేపో నాకు తెలియదు. ఆవిడకు తెలుసు.