తాయారు బండికి దిష్టి

అక్కా, జవళగేర క్యాంపులో అందరం కులాసా. ఫోనులో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను.

చిన్నప్పుడు బళ్ళో నా పక్కన కూర్చునే మంగతాయారు ఆదివారం వచ్చింది. మరో ఇద్దరు పాత స్నేహితురాళ్ళతో, ఇల్లంత బండిలో. అందులోనే మంచాలు, పొయ్యి, స్నానాలగది. తాయారు నడుము ఇంకా అప్పటిలాగే ఉంది, చూడలేకపోయాను. "నీకూ ఓ మంచం ఉంచామే, హంపీ వెళ్దాం రా" అంది. కోతలున్నాయి, కుదరదన్నాను. కోతలకింకా పదిరోజులుంది.

బయల్దేరగానే బండి కాలవగట్టు బురదలో దిగబడింది. మీ మరిది ట్రాక్టరుతో లాగారు. "ఎవరి కళ్ళు పడ్డాయో, కాస్త దిష్టి తియ్యవే" అంది తాయారు. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో పోశాను. అన్నీ మాడిపోయినా ఎవరికీ దగ్గు రాలేదు. "ఘాటే లేదు, ఎంత పాడుకళ్ళో చూడు" అంది. నేను తల దించుకుని నిప్పులు కెలికాను.

బావగారి మోకాలు ఎలా ఉంది? మాగాయ కొంచెం పంపు. పిల్లలకు దీవెనలు. తిరుగు ప్రయాణంలో తాయారు మీ ఇంటికి వస్తుంది. బండికి నువ్వు మళ్ళీ దిష్టి తియ్యి. పెట్టినవాళ్ళే తీస్తే పోతుందో లేదో నాకు తెలియదు.

నీ చెల్లెలు,
శివపార్వతి