అక్కడ పదకొండు, ఇక్కడ ఒకటి

నర్సీపట్నం,
17 ఫిబ్రవరి 2025.

సత్యవేణికి,

సువర్ణమ్మ వందనాలు. నా మోకాళ్లు తప్ప ఇక్కడ అందరం క్షేమం. నీ బీపీ నీ నోటికన్నా అదుపులో ఉందని తలుస్తాను.

మా మనవరాలు సుజిత కాపురముండే లిక్టెన్‌స్టైన్‌లో తొమ్మిదో తారీఖున పార్లమెంటు ఎన్నికలయ్యాయి. పేరంత పొడవైనా లేని దేశం. జనం మన నర్సీపట్నం కన్నా తక్కువ, సభ్యులు పాతికమంది. సుజిత అత్తగారు నిలబడింది. మైకుల్లేవు, బిర్యానీ పొట్లాల్లేవు. ఓటు కాగితాలు పోస్టులో ఇంటికొస్తాయట. వంటింటి బల్ల మీద పెట్టుకుని, నచ్చని పేరు కొట్టేసి, మళ్లీ పోస్టు చెయ్యడమే. ముప్పై ఏళ్లు పౌరశాస్త్రం చెప్పాను, నాకే తెలీదు.

ఆవిడ పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆవిడ సొంత అక్క వచ్చి, నీ పేరు కొట్టేసినవాళ్లలో నేనూ ఉన్నాను, గెలిస్తే మాకు దొరకవని భయపడ్డాను అందిట. ఇద్దరూ అరుచుకున్నారు, ఏడ్చారు, కాఫీ తాగారు. అంతేనట! సుజిత ఫోన్లో నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. నీ తమ్ముడు నతానియేల్ పోయి అప్పటికి మూడో రోజు.

నువ్వు రాలేదు. వాడి కూతురు జెన్నీ ఫోన్ చేస్తే, ఏటే, నన్ను ఒక్క ఓటుకి ఓడగొట్టినోడి పెట్టి మీద నాను మన్నెయ్యాలా అన్నావట. బీయే చదివినా కోపమొస్తే నీకు మీ ఊరి మాటే వస్తుంది.

ఆరేళ్ల కిందటి చర్చి సెక్రటరీ ఎన్నిక. క్రీస్తురాజుకి నలభై ఒకటి, నీకు నలభై. కానుకల సంచిలోంచి తీసిన చీటీల్లో క్రీస్తురాజు పేరున్నది ఒకటి ఆకుపచ్చ సిరాతో ఉంది. హెడ్మాస్టరు చేసిన నతానియేల్ ఒక్కడే ఆ సిరా వాడేవాడు. అందరి ముందూ ఆ చీటీ వాడి మొహాన కొట్టి, యలమంచిలి వెళ్లిపోయావు. వాడెన్నిసార్లు వచ్చినా తలుపు తియ్యలేదు.

ఆఖరి వారం ఆస్పత్రిలో, మా అక్క బస్సెక్కిందా సువర్ణక్కా అని అడిగేవాడు. ఎక్కిందిరా, అడ్డురోడ్డు దాటింది అని చెప్పేదాన్ని. నాలుగు రోజులు ఆ బస్సు అడ్డురోడ్డు దగ్గరే ఉంది.

వచ్చే ఆదివారం ఆరాధనయ్యాక వాడి జ్ఞాపకార్థం ఆదరణ కూడిక. రా. ఇంకెవరి మొహం చూడకపోయినా సరే.

స్నేహితురాలినని రాసుకునే ధైర్యం చాలక,
ఒట్టి సువర్ణమ్మ.

తా.క.: ఆ చీటీ నాది. నా పెన్ను రాయకపోతే వాడి పెన్ను తీసుకున్నాను. వాడు పాస్టరు గారి పెన్సిల్‌తో నీ పేరు రాశాడు, పక్కనుండి చూశాను. నువ్వు సెక్రటరీవై ముందు వరసలో కూర్చుంటే ఓర్వలేననిపించింది. అంతకన్నా పెద్ద కారణం వెతికాను, దొరకలేదు. నువ్వు అరుస్తుంటే వాడు నా వైపు చూశాడు. నేను పాటల పుస్తకం తెరిచాను. తర్వాత, ఎందుకు చెప్పలేదురా అని అడిగితే, నువ్వు కూడా లేకపోతే మా అక్క ఎవరితో పోట్లాడుతుంది సువర్ణక్కా అన్నాడు.