బుద్ధి వచ్చింది

చిరంజీవి అమ్మాయికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ‘ఇక్కడ అందరం క్షేమం’ అన్న వాక్యం పైన లేదని కంగారుపడకు, ఈసారి కిందికి దించాను. పెన్సిలు రాతకు విసుక్కోకు. కారణముంది.

నా మోకాళ్ల సంగతి అడిగావు. రెండూ ఉన్నాయి, మాటే వినవు. రిపేరుకిచ్చిన గోడగడియారం ఇంకా రాలేదు. అడిగితే “టైం పడుతుందమ్మా” అంటాడు ఆ మహానుభావుడు.

ఇక నీ అసలు ప్రశ్న: “నా కూతురికి బుద్ధి వచ్చిందా?”

వచ్చిందే తల్లీ. రెండు మార్కులు తగ్గితే అన్నం మానేసే పిల్ల, మాటంటే తలుపు విసిరికొట్టే పిల్ల, నెలల తరబడి నిద్రలేక కళ్లు గుంటలు పడిన పిల్ల, పోయిన సోమవారం నుంచి వెన్నముద్ద. చెప్పులు వాకిలివైపు తిప్పి, వెంట్రుకవాసి తేడా లేకుండా పెడుతోంది. అలమార ఖాళీ చేసింది. “ఇది నీకే అమ్మమ్మా” అంటూ తన సిరా పెన్ను నా చేతిలో పెట్టి నవ్వింది.

ఆ నవ్వు నాకు తొమ్మిదేళ్లప్పుడు చూశాను.

మీ పెద్దమ్మ జ్వరంతో పోయిందని నీకు చెప్పాను. అబద్ధం. పదహారేళ్లకు తన ప్రాణం తనే తీసుకుంది. ఆ ముందు వారమంతా దాని చెప్పులూ ఇలాగే వాకిలివైపు తిరిగి ఉండేవి. రిబ్బన్లన్నీ నాకిచ్చేసింది. “హమ్మయ్య, దీనికి బుద్ధి వచ్చింది” అంది మా అమ్మ. నీ కూతురు మీ పెద్దమ్మ ఫొటో కూడా చూడలేదు.

నీ ఉత్తరంలో అదే మాట చదివి, మిట్టమధ్యాహ్నం నాకు చలేసింది. పిల్ల ఎదురుగా కూర్చుని అడిగేశాను.

“చచ్చిపోవాలనుకుంటున్నావా?”

చూపు గోడవైపు తిప్పుకుంది. “ఎవరు చెప్పారు?”

“నీ చెప్పులు.”

అప్పుడు ఏడ్చింది. “నేను దేనికీ పనికిరానమ్మమ్మా.”

“నా మోకాళ్లూ అంతే. పారేశానా?”

ఆ సాయంత్రమే మానసిక వైద్యురాలికి చూపించాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడ్డానన్నాను. అలా పుట్టదనీ, అడగడమే మంచిదైందనీ అంది. మందులిచ్చింది, వారం వారం రమ్మంది, ఒంటరిగా వదలొద్దంది. జవాబు రాయకు, బయల్దేరి రా. ఆ ‘బుద్ధి’ అన్న మాట మాత్రం గుమ్మం బయటే వదిలిరా.

ఇవాళ పొద్దున తలుపు ధడాలున వేసింది. చెప్పు ఒకటి గుమ్మంలో, ఇంకోటి బల్లకింద. “అమ్మమ్మా, నా పెన్ను నాకిచ్చెయ్, రాసుకోవాలి” అని లాక్కుపోయింది. అందుకే ఈ పెన్సిలు.

ఇవాళ్టికి ఇక్కడ అందరం క్షేమం.

ఇట్లు,
ఆ రిబ్బన్లు తీసుకున్న చెల్లెలు,
నీ అమ్మ