చిన్న రసాల కేకు

సుగుణా,

ఎలా ఉన్నావు? నువ్వు వెళ్ళిపోయాక వచ్చిన మొదటి మామిడి కాపు ఇదే. ఇంకా ఏడాది నిండలేదు... నాకైతే ఎంతో కాలమైనట్టుంది.

మొన్నటి గాలివానకి మన తోటలో చిన్న రసాలన్నీ రాలిపోయాయి. గడ్డిలో మాగవేస్తే అన్నీ ఒక్కసారే పండి కూర్చున్నాయి. దెబ్బ తిన్న కాయని బేరగాడు ముట్టుకోలేదు. తాండ్ర పోద్దామంటే ఎండ లేదు. తిరువూరులో తెలిసినవాళ్ళందరికీ పంచాను. నన్ను చూస్తే తలుపులు వేసుకునే దాకా వచ్చింది!

సరిగ్గా అప్పుడే పెనుగొలను నుంచి మీ అక్క దిగింది. ఎందుకో తెలుసా? మన బేబీని తీసుకెళ్ళి తానే పెంచుతుందట. ఆడపిల్లని మగాడొక్కడు ఎలా సాకుతాడని... ఆవిడ వచ్చేసరికి ఇల్లంతా ఈగలు, పొయ్యి మీద మాడిన అన్నం. పిల్ల బట్టలు సర్దమంటే కాదనలేక సర్దాను.

పళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. ఏం తోచక, బందరు హాస్టల్లో నువ్వు నేర్చుకున్న ఇసుక కేకు మొదలుపెట్టాను. కుంపటి మీద పెద్ద గిన్నె, అడుగున ఇసుక, లోపల పిండి గిన్నె, మూత మీద నిప్పులు. "మీరు వంటింట్లోకొస్తే నాకు పని రెండింతలవుద్దండీ" అనేదానివి. బేబీ గుడ్లు గిలక్కొట్టింది, నేను పళ్ళు పిసికాను. మీ అక్క గడపలో కూర్చుని చూస్తోంది.

పొంగింది సుగుణా! వాసన వీధి దాకా పోయింది. కానీ ముక్క నోట్లో పెట్టుకున్నాక తెలిసింది... రసం వడకట్టడం మరిచాను. చిన్న రసం పీచు సంగతి తోటవాడిని, నాకు తెలియదూ? ముగ్గురం పళ్ళ సందుల్లోంచి పీచు లాక్కుంటూ కూర్చున్నాం. ముందు బేబీ నవ్వింది. నువ్వు పోయాక అది అలా పగలబడి నవ్వడం ఇదే. ఆ వెనకే మీ అక్క కూడా నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నువ్వు గుర్తొచ్చావేమో...

ఇవాళ పొద్దున ఆవిడని బస్సెక్కించడానికి వెళ్ళాం. పళ్ళ గంప పైకి వేయించుకుంది. బేబీ బట్టల సంచి మాత్రం తిరిగి నా చేతికిచ్చి, పిల్లకి వారానికోసారైనా తలంటు పొయ్యమని చెప్పి ఎక్కేసింది. బస్సు కదిలే దాకా ఆ సంచి గట్టిగా పట్టుకునే ఉన్నాను.

రేపు ఆదివారం, ప్రార్థనకి గుడికి వెళ్ళాలి. నీళ్ళు కాగుతున్నాయి. కుంకుడుకాయలు నానేశాను. రసం కళ్ళల్లో పడకుండా పోస్తాను. దిగులు పడకు.

బేబీ నాన్న