టిక్కీ అడుగున కాయ

అక్టోబరు, ఆదివారం పొద్దున

ఒరేయ్ చైతూ,

నీ ఉత్తరం నాన్న వెనక్కి తెచ్చిన కారియర్‌లో ఖాళీ పచ్చడి గిన్నెలో దొరికింది. కాగితమంతా నూనె, సగం అక్షరాలు అలుక్కుపోయాయి. ఫోన్లు లాక్కునే మీ వార్డెను కారియర్లు మాత్రం వెతకడని కనిపెట్టావు చూడు, ఆ తెలివేదో లెక్కల్లో చూపిస్తే మీ తాడేపల్లి కాలేజీ వాళ్ళు ఈపాటికి నీ ఫొటో ఫ్లెక్సీ మీద వేసేవాళ్ళు. ఇంకో సంగతి. కవలలమైనా నీకంటే పావుగంట ముందు పుట్టినదాన్ని. 'ఒసేయ్ అఖీ' అని మొదలుపెట్టడం మానేసి 'అక్కా' అని రాయడం నేర్చుకో. మాటలొచ్చినప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నాను.

మీ గవర్నమెంటు కాలేజీ ఎలా ఉంది, నిజం చెప్పు అని అడిగావు. చెప్తాను, కుళ్ళుకోకు మరి. మా కాలేజీ బంగారం. ఫిజిక్స్ సారు పాఠం చెప్తుంటే గంట కొట్టిన సంగతి కూడా మాకు తెలియదు. ల్యాబ్‌లో ప్రయోగాలు మేమే చేస్తాం, మీలాగా బొమ్మ చూసి బట్టీ పట్టం. బాత్రూములకి కొత్త టైల్సు వేశారు. లైబ్రరీలో ఎంతసేపు కూర్చున్నా లేవమనేవాళ్ళు లేరు. సాయంత్రం నాలుగున్నరకల్లా నేనూ మా క్లాసు శ్రీదివ్యా బస్సెక్కి ఇంటికొచ్చేస్తాం, వేడివేడిగా అమ్మ చేతి ముద్ద తింటాం. కాబట్టి నువ్వు అక్కడ ఏసీ గదిలో కూర్చున్నావనీ, నేను ఊళ్ళో మిగిలిపోయాననీ ఏమీ పెట్టుకోకు. నేను కావాలనే ఇక్కడ చేరాను.

అన్నట్టు, ఈసారి మీ ఫిజిక్స్ నోట్సు కారియర్‌లో పెట్టి పంపు. ఊరికే, మా సారు చెప్పేదానితో పోల్చి చూసుకుందామని.

అమ్మ గోంగూర పచ్చడీ నువ్వుల ఉండలూ పెట్టింది. ఉండలన్నీ రూములో పంచేసి నువ్వు మొహం వేలాడేసుకుని కూర్చోకు.

నీకంటే పావుగంట పెద్దదైన
అఖిల


జనవరి నెలాఖరు

చైతూ,

ఈ ఉత్తరం రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయకపోతే ఇంకా పెద్ద తప్పు చేసినదాన్నవుతాను.

పోయిన ఆదివారం నిన్ను చూసి వచ్చాక నాన్న కాళ్ళు కూడా కడుక్కోకుండా మంచం మీద కూలబడ్డాడు. అమ్మ ఏమైందని అడిగింది. నాన్న మెల్లిగా, "వాడు అక్కడ ఉండనంటన్నాడే. అఖి కాలేజీలో చేరతానంటన్నాడు. అది రాసింది చదివినప్పట్నుంచీ ఇక్కడ ఉండబుద్ధి పుట్టటంలేదంటన్నాడు" అన్నాడు. అమ్మ వెంటనే అందుకుంది. "ఊళ్ళో ఏమనుకుంటారయ్యా, చదవలేక పారిపోయొచ్చాడనరూ?" అంది. నాన్న అమ్మను ఆగమని నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు.

"అఖీ, నాకు ఈ చదువుల సంగతి తెలవదమ్మా. నువ్వు అక్కడే చదువుతున్నావు గదా, నువ్వు చెప్పు. మన మిరపకాయ యార్డుకి తీసుకెళ్తే కొనేవాడు ఏం చేస్తాడు? టిక్కీ పైన కాయ చూడడు. చెయ్యి గోతం లోపలికంటా పెట్టి అడుగున కాయ తీసి చూస్తాడు, పైన ఎర్రకాయ పెట్టి కింద తెల్లబడ్డ తాలుకాయ పోశామేమోనని. నువ్వు కూడా నాకు పైకాయ చూపించమాక. అడుగున కాయ ఎట్టా ఉందో చెప్పు. నువ్వు బాగుందంటే వాణ్ణి తీసుకొచ్చేస్తా, బాగోలేదంటే అక్కడే ఉంచుతా" అన్నాడు. ఆలోచించి చెప్తానని లేచి వెళ్ళిపోయాను. నీ బతుకు తెచ్చి నా నోట్లో పెట్టినట్టయింది.

చైతూ, నేను నీకు రాసింది పైకాయ కూడా కాదు. ఫిజిక్స్ సారు ఆగస్టులోనే బదిలీ అయి వెళ్ళిపోయాడు. ఆ పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది. ఆ పీరియడ్‌లో మేం వరండాలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం. ల్యాబ్‌కి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో ప్రిన్సిపాల్ గారికే తెలియదు. బాత్రూముకి టైల్సు వేసిన మాట నిజమే, కానీ నీళ్ళు రావు, గడియ పడదు. ఒకళ్ళం లోపలికి వెళ్తే ఇంకొకళ్ళం బకెట్టు పట్టుకుని బయట కాపలా. లైబ్రరీ అంటే ఒక బీరువా. లేవమనేవాళ్ళు లేరని రాశాను గదా, అక్కడ కూర్చోవడానికి కుర్చీ ఉంటే గదా లేవమనడానికి. నీ నోట్సు పోల్చుకోవడానికి అడగలేదు. దాంతోనే చదువుకుంటున్నాను.

ఎందుకు అబద్ధం రాశావే అంటావు. టెన్త్‌లో నాకు నీకంటే ఎక్కువ మార్కులొచ్చాయి. ఇద్దరినీ హాస్టల్లో పెట్టే తాహతు లేదన్న రోజు నాన్న చూపు ముందుగా నీ వైపే పోయింది. ఒక్కసారి నా మొహంలోకి చూసి ఉంటే 'వాణ్ణే పంపు నాన్నా, నేను ఇక్కడ చదువుకుంటాను' అని నేనే మనస్ఫూర్తిగా అనేదాన్ని. చూడకపోయినా అన్నాను. అందరూ మెచ్చుకున్నారు, నాయనమ్మ మెటికలు కూడా విరిచింది. ఆ ముల్లు ఇప్పటికీ లోపలే ఉంది. నువ్వు బాధపడతావని అబద్ధం రాశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం ఉక్రోషం. అంత ఖరీదైన చోట కూర్చుని నువ్వు నా కాలేజీని చూసి ఏడవాలని రాశాను. దానికి నువ్వు నిజంగానే పెట్టె సర్దుకుంటావని నాకేం తెలుసు?

ఇంకా పరువు తక్కువ సంగతి ఒకటుంది, అది కూడా విను. పండగ సెలవులయ్యాక కాయ కోతలు మొదలయ్యాయి. కూలోళ్ళు దొరకలేదు, నేను కాలేజీ మానేసి కోతకు వెళ్ళాను. మా క్లాసు ఆడపిల్లల్లో సగం మంది అంతే. వారం తిరక్కుండా లెక్కల ఉస్మాన్ సారు బండేసుకుని మన చేలోకే వచ్చేశాడు. ఘాటుకి తుమ్ముతూ, ముక్కుకి కర్చీఫు కట్టుకుని సాళ్ళ మధ్య నన్ను వెతుక్కుంటున్నాడు. నేనేమో నీ పాత చొక్కా తొడుక్కుని తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాను. "గురవయ్యగారూ, అమ్మాయిని ఎందుకు పంపడం లేదండీ?" అని అడిగాడు. నాన్న అసలే చిరాకు మీద ఉన్నాడు. "నువ్వొచ్చి కోస్తావా సారూ మా కాయ? నెల తిరిగేసరికి జీతమొచ్చేవాళ్ళకి మా బాధ ఏం తెలుస్తది, పోవయ్యా" అనేశాడు. సారు అక్కడే గట్టు మీద చతికిలబడి, "ఇటు రామ్మా అఖిలా. నిన్న లిమిట్స్ మొదలుపెట్టాను. ఇది పోతే ముందుదేదీ అర్థం కాదు" అని పురుగుమందు డబ్బా అట్ట చించి దాని వెనక లెక్క చేసి చూపించాడు. కూలికొచ్చిన వాళ్ళందరూ కోత ఆపేసి చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. సారు వెళ్ళాక నాన్న ఆ కోపంతోనే, "రేపట్నుంచి నువ్వు పో, లేకపోతే ఈయన రోజూ తయారవుతాడు" అన్నాడు. మీ కాలేజీలో ఇలాంటివి ఉంటాయా చెప్పు. అక్కడి సార్లు హుందాగా ఉంటారు. మా సార్లకి పరువు లేదు, మమ్మల్నీ ఉంచుకోనివ్వరు.

అందుకని నిన్న నాన్నకి చెప్పేశాను. "అడుగున కాయ బాగోలేదు నాన్నా. వాణ్ణి అక్కడే ఉంచు" అన్నాను. నాన్న సరేనన్నాడు. నా మాట మీద నువ్వు అక్కడ ఉండిపోవలసి వచ్చింది. తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ చదువు మాత్రం అక్కడే చదువు.

అబద్ధాలకోరు
అఖిల


ఫిబ్రవరి, రెండో ఆదివారం

చైతూ,

రెండు వారాలు చూశాను. పోయిన వారం కారియర్ వచ్చింది, ఉత్తరం లేదు. అమ్మ పెట్టిన చేపల పులుసు గిన్నె మూత తీసినట్టు కూడా లేదు. నీకు చేపల పులుసంటే ఎంత పిచ్చో అందరికీ తెలుసు. అమ్మ ఆ గిన్నె కడుగుతూ ఏడ్చింది. నేను వంటింట్లోకి వెళ్ళలేదు.

చిక్కిపోయావని, మాట్లాడకుండా కూర్చున్నావని నాన్న చెప్పాడు. పరీక్షల భయమేమోలే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. నాకు మాత్రం వేరే భయంగా ఉంది. ముందు అబద్ధం రాసి నిన్ను అక్కడ ఉండలేకుండా చేశాను. తర్వాత నిజం చెప్పి రాకుండా చేశాను. రెండిట్లో ఏది తప్పో తేల్చుకోలేకపోతున్నాను. రాత్రి అన్నం కూడా సయించడం లేదు. పేపరు తీస్తే మీలాంటి హాస్టళ్ళ వార్తలేమైనా ఉంటాయేమోనని ముందు ఆ పేజీ చూస్తున్నాను. నాయనమ్మ చూసి, "ఏందే, పేపరు అట్టా ఒక్క పేజీయే తిప్పి తిప్పి చూస్తన్నావు?" అని అడిగింది.

కోపముంటే కోపమని రాయి. ఒసేయ్ అఖీ అనే రాయి, నేనేమీ అనను. ఖాళీ కాగితమైనా సరే మడిచి గిన్నెలో పెట్టు. నువ్వు పెట్టావని తెలిస్తే చాలు.

అఖి


తాడేపల్లి
ఫిబ్రవరి, మూడో ఆదివారం

అక్కా,

చూశావా, రాశాను. మురిసిపోకు, ఈ ఒక్కసారికే.

నువ్వు అబద్ధాలు రాస్తున్నావని నాకు మొదటి ఉత్తరానికే తెలుసు. ఫిజిక్స్ సారు అంత గొప్పగా చెప్తుంటే నా నోట్సెందుకే నీకు? లైబ్రరీ, ల్యాబ్ చూసి నేను వచ్చేస్తాననలేదు. నాలుగున్నరకల్లా ఇంటికెళ్తానని రాశావు చూడు, ఆ ఒక్క ముక్క కోసం వస్తానన్నాను. మిగతాదంతా నాన్నకి చెప్పడానికి సాకు.

ఇక్కడి సంగతి నేనూ నీకు ఎప్పుడూ రాయలేదు. దసరా తర్వాత నన్ను చివరి సెక్షన్‌లో వేశారు. మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తారు. ఫ్లెక్సీ మీదికెక్కే వాళ్ళంతా మొదటి సెక్షన్, మంచి సార్లు వాళ్ళకి. ఏసీ కూడా వాళ్ళకే. మా గదిలో ఫ్యాను. మా సారు బోర్డు మీద రాసేసి వెళ్ళిపోతాడు, అర్థమైందా అని కూడా అడగడు. నాన్న యార్డు లెక్కలో చెప్పాలంటే నేను ఇక్కడ టిక్కీ అడుగున కాయని. మనిద్దరిలో నాన్న అడగాల్సింది నన్ను. నిన్ను అడిగాడు.

నీ పెద్ద ఉత్తరం వచ్చినప్పుడు నాకు కోపమే వచ్చింది. నాన్నకి బాగోలేదని చెప్పేశావు గదా, ఇక దారి మూసుకుపోయిందనిపించింది. ఆ మర్నాటి నుంచి క్లాసుకి వెళ్ళడం మానేశాను. పొద్దున మెస్సులో ఇడ్లీ తిని, పై అంతస్తుకి వెళ్ళే మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చునేవాణ్ణి. మొదట్లో ఎవరైనా పట్టుకుంటారేమోనని భయమేసేది. తర్వాత ఎవరూ పట్టుకోవడం లేదేంటని భయమేసింది. సార్లు ఆ మెట్ల పక్కనుంచే ఫోన్లో మాట్లాడుకుంటూ వెళ్ళేవాళ్ళు. రోజులు గడిచాయి గానీ ఒక్కళ్ళూ పేరు పెట్టి పిలవలేదు. అక్కడ కూర్చుని ఏమేం ఆలోచించానో రాయను. ఇప్పుడు ఆలోచించడం లేదు, నువ్వు భయపడకు, అమ్మకి చెప్పకు.

ఆ మెట్ల మీదే నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. పరువు తక్కువ అని రాశావే, ఉస్మాన్ సారు చేలోకి వచ్చిన సంగతి, అక్కడ ఆగిపోయాను. ఎన్నిసార్లు చదివానో. నాలుగైదు రోజులు నువ్వు కనపడకపోతే ఒక మనిషి బండేసుకుని, తుమ్ముతూ, తిట్లు తింటూ వెతుక్కుంటూ వచ్చాడు. పిచ్చిదానా, దాన్ని తీసుకెళ్ళి బాత్రూము గడియతో పాటు లెక్కేసి బాగోలేదన్నావా?

ఈరోజు నాన్న రాగానే విజిటర్స్ షెడ్డులో కూర్చోబెట్టి అన్నీ చెప్పేశాను. నాన్న నమ్మలేదు. ఫోను తీసి, "మీ అబ్బాయి హాజరు అని రోజూ మెసేజీ వస్తంది గదరా" అని చూపించాడు. నిజమే, రోజూ వచ్చింది. నేను మెట్ల మీదున్న రోజుల్లో కూడా వచ్చింది. నాన్న ఆ మెసేజీలు ఒక్కొక్కటే చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. అప్పుడు నీ ఉత్తరం తీసి మొత్తం చదివి వినిపించాను. నాన్న ముందు నా వైపు చూశాడని రాశావు గదా, ఆ ముక్క దాటేద్దామనుకున్నాను గానీ దాటలేదు. నాన్న తల వంచుకుని కారియర్ గిన్నెలు తీసి మళ్ళీ సర్దాడు. నీతో ఏమైనా అంటాడేమో చూడు. అనలేకపోతే నువ్వే అర్థం చేసుకో.

తర్వాత నాన్న ఒకటి చెప్పాడు, నీకు తెలిసి ఉండదు. "ఆ సారుని నేను తిట్టి పంపించానా, మర్నాడు మళ్ళీ వచ్చాడ్రా. అమ్మాయిని పంపించాను గదయ్యా, ఇంకేం కావాలి అన్నా నేను. మీ కోసం కాదండీ, మీ ఊరి వెంకటరావమ్మగారి మనవరాలు కూడా రావటంలేదు, వాళ్ళ చేనెక్కడో చూపిస్తారా అన్నాడు. చూపించా" అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, "అడుగున కాయ అంటే అదేనేమోరా" అని లేచి, ఆఫీసులో టీసీ సంగతి అడగడానికి వెళ్ళాడు. వచ్చేలోపు ఇది రాస్తున్నాను.

పరీక్షలు ఇక్కడే రాసి, రెండో సంవత్సరానికి మీ కాలేజీకి వచ్చేస్తున్నాను. అమ్మకి నాన్న చెప్పుకుంటాడు. ఊళ్ళో అనేవాళ్ళని అననీ. ఫిజిక్స్ నోట్సులన్నీ తెస్తాను, సారు వచ్చేదాకా ఇద్దరం కలిసి కుస్తీ పడదాం. ఈరోజు పులుసు మొత్తం తిన్నాను, గిన్నె చూసుకో.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. రేపు ఉస్మాన్ సారు దగ్గరికి వెళ్ళి, మా తమ్ముడొస్తున్నాడని చెప్పు. లెక్కల్లో వాడు తాలుకాయని కూడా ముందే చెప్పెయ్, దాచకు. వాడు రాకపోతే వాడి కోసం కూడా చేలోకి వస్తారా సారూ అని అడుగు. ఏమన్నాడో కారియర్‌లో రాసి పంపు.

నీ తమ్ముడు
చైతన్యకృష్ణ