ముందు చక్రాల తగువు

ఒడ్డు నుంచి, డిసెంబరు మొదట్లో

ప్రియమైన అల్లుడు క్లేటన్‌కి,

ఫోను మానేసి ఉత్తరం ఎందుకు రాస్తున్నానో నీకే తెలుసు. ఇన్ని ఇళ్లకీ కలిపి ఉన్నది ఒకటే లైను, మిగతా ఇళ్లవాళ్లంతా రిసీవరు చెవికి అంటించుకుని కూర్చుంటారు. నిన్ను తిట్టబోయే తిట్లు వాళ్లకెందుకు?

టపా మోసే ఓర్విల్ నిన్న కాఫీ తాగుతూ చెప్పాడు, నీ ట్రక్కుకి కొత్త టైర్లు వేశావట. జానెడు వెడల్పున, పైన దిమ్మలు దిమ్మలుగా ఉన్నాయట. కేటలాగులో బొమ్మ చూసి మురిసిపోయావా? అవి బురద టైర్లు నాయనా. మీ మిస్సోరీ పొలాల్లో తిప్పుకోవడానికి బాగుంటాయి. ఇక్కడి చలికి ఆ రబ్బరు రాయిలా బిగుసుకుపోతుంది. వెడల్పాటి టైరు మంచు మీద తేలుతుంది. సన్నటిదైతే మంచుని కోసుకుంటూ దిగి అడుగుని పట్టుకుంటుంది. గడ్డకట్టిన సరస్సు మీదైతే దానికి గడ్డని కరిచిపట్టే ఇనప మేకులు కూడా ఉండాలి. నా టైర్ల షాపు పక్కనుంచే ఫెర్రీ ఎక్కావు కదా, ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?

ఊరికే అరవడం లేదు. ఐలికి ఫిబ్రవరి చివర్లో నెలలు నిండుతాయి. బిడ్డ అడ్డంగా ఉందనీ, తిరగకపోతే ఆపరేషను చేసి తీయాలనీ డాక్టరు అన్నాడు. మీ దీవిలో కట్టుకట్టే నర్సు తప్ప ఎవరున్నారు? ఇప్పుడే నా దగ్గరికి వచ్చెయ్యవే అంటే, బళ్లో పిల్లల్ని ఎవరికి అప్పగించమంటావంటుంది. అంటే సరస్సు గడ్డకట్టాక, ఆ మంచు దారిన, నీ బండిలోనే నా కూతురు రావాలి.

చివరి ఫెర్రీలో రెండు మేకుల టైర్లు పంపుతున్నాను. వెనక చక్రాలకి వేసుకో. వెనకాల నాలుగు ఇసుక బస్తాలు పడెయ్యి. యాలకుల రొట్టె ఐలికి. నీకూ ఒక ముక్క పెట్టమన్నానని చెప్పు.

మీ అత్తగారు,
హిల్యా


దీవి నుంచి, డిసెంబరు నెలాఖరు

గౌరవనీయులైన అత్తగారికి,

మీ తిట్లు క్షేమంగా అందాయి. రొట్టె ముక్క కూడా దక్కింది.

మీరన్నదే నిజం. మొదటి మంచు పడ్డ రోజు బడి ముందే నా బండి కూరుకుపోయింది. దిమ్మల నిండా మంచు ఇరుక్కుని చక్రాలు ఉత్తినే గిరగిరా తిరిగాయి. ఐలి బడి పిల్లలందరినీ బయటికి పిలిచి నా బండి తోయించింది. దాన్ని ఆ రోజు పాఠం కింద లెక్కవేసిందట. ఆ టైర్లు తీసేసి ముందు పాతవి, వెనక మీవి వేశాను. ఇప్పుడు ఎంత ఎత్తయినా మేకలా ఎక్కేస్తోంది.

ఒక్క అనుమానం. కోప్పడకండి. బండిని తిప్పేవి ముందు చక్రాలు కదా? మరి పట్టు వెనకవాటికే ఎందుకు? నాలుగింటికీ మేకుల టైర్లు వేస్తే తప్పా? ఐలిని అడిగితే, "మా నాన్న కాలం నుంచీ వెనక రెండే. మిగతాది మా అమ్మతో తేల్చుకో" అంది. ఆనక, "నేనేమన్నా పిండి బస్తానా, మీరిద్దరూ ఉత్తరాల్లోనే మోసుకుపోవడానికి?" అని కూడా అంది.

బిడ్డ ఇంకా అడ్డంగానే ఉంది.

మీ అల్లుడు,
క్లేటన్


ఒడ్డు నుంచి, జనవరి మొదట్లో

ప్రియమైన అల్లుడికి,

నాలుగు మేకుల టైర్లట! షాపులో చదివి వినిపిస్తే నా పనివాడు నట్లు కింద పడేసుకుని నవ్వాడు. వెనక చక్రాలు తోస్తాయి. ముందువి తోసిన చోటికి పోతాయి. పెళ్లయినవాడివి, నీకు వేరే చెప్పాలా? నేను టైర్లు అమ్ముతున్నంత కాలం ఈ ఊళ్లో ఎవరూ నాలుగు కొనలేదు. మా ఆయన కొనలేదు, ఆయన తండ్రీ కొనలేదు. హిల్యా అల్లుడు ముందు చక్రాలకీ మేకులు కొట్టించుకున్నాడంటే కాఫీ హోటల్లో నాకు తల ఎత్తుకునే వీలుండదు.

టైర్ల సంగతి వదిలి దారి సంగతి నేర్చుకో. పండగైపోయిన క్రిస్మస్ చెట్లన్నీ పోగేసి మనవాళ్లు దారి పొడుగునా మంచులో పాతేస్తున్నారు. ఆ చెట్ల వరస దాటావా, ఇక దేవుడే దిక్కు. సరస్సు మంచు మీదికి ఎక్కగానే బెల్టు తీసెయ్యి, కిటికీ అద్దం పూర్తిగా దించు. బండి మునిగితే బయటికి దూకేందుకు అదొక్కటే తోవ. ఎంత చలేసినా అద్దం ఎత్తకు. నిదానంగా పో.

మీ అత్తగారు,
హిల్యా


దీవి నుంచి, జనవరి చివర్లో

గౌరవనీయులైన అత్తగారికి,

ఈ ఉత్తరం సంగతి ఐలికి తెలియదు. ఓర్విల్ చేతికి నేనే ఇస్తున్నాను.

మొన్న కిరసనాయిలు కోసం ఒడ్డుకి వస్తున్నాను. సరస్సు మంచు విచ్చుకున్న ఆ పెద్ద పగులు పక్కన దారి వంపు తిరిగి, పగులు మీద పలకలు పరిచిన చోటికి పోతుంది కదా. వంపు దగ్గర స్టీరింగు తిప్పాను. అత్తగారూ, బండి తిరగలేదు. చక్రాలు తిరిగాయి గానీ బండి నేరుగా పోయింది. బ్రేకు తొక్కితే ఇంకా జారింది. వెనక మేకులు తోస్తున్నాయి, ఇసుక బస్తాల బరువుకి ముందు భాగం తేలిపోతోంది. రెండు చెట్లని గుద్దుకుంటూ పోయి ఆగాను. తలుపు తీసి చూస్తే నల్లటి నీళ్లు కనబడ్డాయి.

పక్కన ఐలి ఉంటే ఏమయ్యేదని అప్పటి నుంచీ అదే ఆలోచన. అన్నం సయించడం లేదు. ఇంకో రెండు టైర్లు పంపండి. ఊరు నవ్వితే నవ్వనివ్వండి. బతిమాలుకుంటున్నాను.

మీ అల్లుడు,
క్లేటన్


ఒడ్డు నుంచి, ఫిబ్రవరి మొదట్లో

ప్రియమైన అల్లుడికి,

నీ ఉత్తరం చదివి చేతిలో పని అక్కడే వదిలేసి కూర్చున్నాను. తరవాత కోపం వచ్చింది. తప్పు టైర్లది కాదు. నువ్వు వేగంగా వచ్చి ఉంటావు. జారగానే బెదిరిపోయి బ్రేకు తొక్కావు. కొత్తవాళ్లందరూ చేసే పనే.

ఇక నిన్ను నమ్మి ఊరుకోలేను. ఈ ఆదివారం చర్చి అవగానే నా బండిలో నేనే వస్తాను. ఐలిని ఎక్కించుకుని వెంటనే వెనక్కి తిరుగుతాను. పిల్లల చదువు ఓ నెల ఆగితే కొంపలేం మునగవు. నువ్వు గట్టు మీద నిలబడి చెయ్యి ఊపితే చాలు. ఈ సరస్సు మీద నేను బండి నడిపే నాటికి నువ్వు పాలబుడ్డి వదల్లేదు.

పెట్టె సర్దుకుని ఉండమను.

హిల్యా


దీవి నుంచి, శుక్రవారం

అత్తగారికి,

రావద్దు. రాత్రి గాలికి పగులు ఇంకా విచ్చుకుంది. పలకలు పక్కకి జరిపారు, వంపు ఇదివరకటి కన్నా ఇరుకైంది. మీ బండికీ వెనక రెండే కదా.

మీరొచ్చినా ఐలిని ఎక్కనివ్వను. నన్ను ఏమన్నా అనుకోండి.

క్లేటన్


ఒడ్డు నుంచి, సోమవారం

నాయనా క్లేటన్,

నీ చీటీ శనివారమే అందింది. చించి పొయ్యిలో పడేసి, ఆదివారం బయలుదేరాను.

వంపు దాకా బాగానే వచ్చాను. నిదానంగానే వచ్చాను, ప్రమాణం చేసి చెబుతున్నాను. బ్రేకు ముట్టుకోలేదు. స్టీరింగు తిప్పాను. నువ్వు రాసినట్టే బండి నా మాట వినలేదు. మూడు చెట్లు విరిచేసుకుంటూ పోయింది. ముందు చక్రాలకీ నీళ్లకీ మధ్య మనిషి పడుకునేంత చోటు మిగిలింది. కిటికీలోంచి ఆ నీళ్ల చప్పుడు వింటూ కూర్చున్నాను. కడుపుతో ఉన్న పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఇదే దారిన తిరిగి రావాలనుకున్నానే అని ఏడుపొచ్చింది. వెనక్కి మాత్రం బండి బంగారంలా వచ్చింది. వెనక మేకులున్నాయి కదా!

నువ్వు సరిగ్గానే అడిగావు. నేనే సరిగ్గా వినలేదు.

నీ బండి కొలతవి షాపులో లేవు. వచ్చే లారీ కోసం ఆగే ధైర్యం నాకు లేదు. ఇంటికి రాగానే జాకీ ఎత్తి, అదే కొలతవైన నా బండి వెనక టైర్లు రెండూ ఊడదీశాను. వాటిని ఓర్విల్ తన మంచుబండి వెనక కట్టుకుని తెస్తున్నాడు. ఐలిని కూడా అలాగే తెమ్మందామంటే ఆ కుదుపుకి బిడ్డ దారిలోనే పుడుతుంది. ఇవి నీ ముందు చక్రాలకి వెయ్యి. వెనక సగం ఇసుక తీసెయ్యి.

నా ట్రక్కు ఇప్పుడు దుంగల మీద కూర్చుంది. నేను రాలేను. నువ్వే తీసుకురావాలి.

హిల్యా


ఒడ్డు నుంచి, మార్చి నెలాఖరు

ప్రియమైన అల్లుడికి,

మంచు మెత్తబడి దారి మూసేశారు. ఫెర్రీ తిరగడానికి ఇంకా టైముంది, టపా సంచి మాత్రం ఓర్విల్ ఎలాగో దాటిస్తున్నాడు. ఆఖరి సరుకులు దించి వస్తానని వెళ్లి అక్కడే చిక్కుపడిపోయావు. బెంగ పెట్టుకోకు. మనవరాలు బొద్దుగా తయారవుతోంది. ఐలికి కుట్లు మానాయి. పొద్దున నాతో పోట్లాడింది కూడా, అంటే కోలుకున్నట్టే.

నోటితో చెప్పడం నాకు చేతకాదు, అందుకని రాస్తున్నాను. ఆ రోజు అనుకున్నదాని కన్నా ముందే నొప్పులు మొదలై మీరు బయలుదేరారని నర్సు ఫోను చేస్తే ఒడ్డున నిలబడ్డాను. పొగమంచులో ఏమీ కనబడలేదు. నీళ్లలో ఏదైనా పడ్డ చప్పుడవుతుందేమోనని చెవులు రిక్కించుకుని ఉన్నాను. అంతలో నీ బండి దీపాలు కనబడ్డాయి. కిటికీలోంచి నువ్వు చెయ్యి ఊపావు. అప్పుడు నిన్ను కావలించుకోవాలనిపించింది. మొహమాటపడి ఊరుకున్నాను. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరు అన్నాడు.

కాఫీ హోటల్లో అందరికీ చెప్పాను. నా అల్లుడంతటి డ్రైవరు ఈ సరస్సు మీద పుట్టలేదని. ఎవరూ నవ్వలేదు.

ప్రేమతో,
హిల్యా


దీవి నుంచి, ఏప్రిల్ మొదట్లో

ప్రియమైన అత్తగారికి,

మీ ఉత్తరం చదివి సంతోషించాలో, సిగ్గుపడాలో తెలియలేదు. నిజం చెప్పొద్దని ఐలి నా చేత ఒట్టు వేయించుకుంది. కానీ మీరు ఊరంతా నన్ను పొగుడుతుంటే ఆ పొగడ్త నాకు అరగడం లేదు. ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను.

ఆ రోజు వంపు దాటించింది నేను కాదు. ఒడ్డు కనబడే ముందు చోట్లు మార్చుకున్నాం, అందుకే మీకు నేను కనబడ్డాను. "నన్నిలా చూస్తే మా అమ్మ ఇక్కడే ప్రాణం విడుస్తుంది" అంది.

మొదట నేనే నడిపాను. మీ టైర్లు బ్రహ్మాండంగా పట్టాయి. కానీ పగులు దగ్గరపడే కొద్దీ నాకు మునుపటి జారుడే కళ్ల ముందు ఆడింది. నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. ఐలి చూసింది.

"ఆపు," అంది.

ఆపాను.

"దిగు. ఇంత భయంతో తిప్పితే టైర్లేం చేస్తాయి? ఈ వంపు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. మీరిద్దరూ చలికాలమంతా ఎవరు మొయ్యాలా అని కొట్టుకున్నారు. నడపడం వచ్చా అని నన్నొక్కరైనా అడిగారా?"

"నొప్పులొస్తున్నాయి కదే," అన్నాను.

"వచ్చినప్పుడు ఆగుతాను. నువ్వు బరువు. పలకలు దాటేదాకా నడిచి రా."

కడుపు స్టీరింగుకి తగులుతుంటే జరిగి కూర్చుంది. బెల్టు లేదు, అద్దం దించే ఉంది. ఒక నొప్పి వచ్చింది. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, కళ్లు మూసుకుని, అది పోయేదాకా ఉంది. తరవాత బండి కదిలించింది. నా భార్యా, బిడ్డా ఆ నల్లటి నీళ్ల అంచున పోతుంటే నేను వెనక నిలబడి చూశాను. అత్తగారూ, అంత భయం నేను బతుకులో ఎరగను.

వంపు దగ్గర తను బ్రేకు ముట్టుకోలేదు. స్టీరింగు కొంచెం కొంచెంగా తిప్పింది. ముందు చక్రాలు చెప్పిన మాట విన్నాయి. ఒక్క చెట్టు కూడా కదల్లేదు. పలకలు ఊగి, వాటి మీదికి నీళ్లెక్కాయి. బండి అవతలికి వెళ్లిపోయింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, అక్కడే నిలబడిపోయాను.

పొగమంచులోంచి కేక వినబడింది. "క్లేటన్! ఎక్కుతావా, నడిచే వస్తావా? నాకు ఆగే తీరిక లేదు!"

పరిగెత్తి ఎక్కాను.

మీ అల్లుడు,
క్లేటన్